వేడినీళ్ళలో పోయే మూడోవంతు

సీతాఫలాల కాలం, చివరి వారం

నాలుగో తొట్టె ఈరోజు కూడా పొంగి నురగంతా నేలమీదికి వచ్చింది. కడిగేసరికి నడుము పట్టేసింది. సీతాఫలాలతో ఎప్పుడూ ఇదే గొడవ. కుళ్ళిన పళ్ళు తెచ్చి, గింజలు ఏరి, నలగ్గొట్టి, నీళ్ళు పోసి పొయ్యి మీద ఉడికించి, చల్లార్చి తొట్టెలోకి వదులుతాం. పాత తొట్టెలోంచి నాలుగు బిందెల ఈస్టు అందులో పోస్తే మర్నాటికి తొట్టె నిండా అదే అవుతుంది. గాలి పంపు మాత్రం ఆగకూడదు. గాలి అందకపోతే ఈస్టు పెరగడం మానేసి సారా కాస్తుంది. సారాతో పిల్లల కడుపు నిండదు.

పేరిన ఈస్టుని బాయిలర్ దగ్గర అరవై నాలుగు డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, ఆ నీళ్ళు వంచేసి, గుడ్డలో పిండితే వచ్చేదే ముద్ద. వరికి తెగులు తగిలి పల్లం అంతా బీడుపడ్డాక బొడ్డమెట్ట మీద మేమందరం తినేది ఇదే. పాత జీడిపప్పు ఫ్యాక్టరీలో తొట్టెలు చూసేది నేను, బాయిలర్ చూసేది దాలినాయుడన్న. తొట్టెల సంగతి వారానికోసారైనా రాసిపెట్టాలన్నది ఇక్కడి పద్ధతి. రాయాల్సింది తొట్టెల గురించే కానీ, ఈరోజు వేరే సంగతి జరిగింది.

సముద్రం ఒడ్డు నుంచి మూడు వందలమంది మెట్టెక్కి వచ్చారు. తుపాను నీళ్ళు వచ్చి తిరిగి వెళ్ళలేదట. వాళ్ళలో మా పైడప్ప కూడా ఉంది. నా సొంత అక్క. బావ పోయాక ఎన్నిసార్లు రమ్మన్నా చేపల వాసన లేని చోట నిద్ర పట్టదని రాని మనిషి. ఇప్పుడు ఒక సంచీతో వచ్చి గేటు దగ్గర కూర్చుంది. ముద్ద చేతిలో పెడితే వాసన చూసి నావైపు చూసింది.

"ఇది తిండేటే కూర్మీ? గోడకి పూసుకునీదా?"

"తినప్పా. నాలుగు రోజులు తింటే అలవాటైపోతాది."

"అలవాటైపోతే మరీ బయ్యం," అని కళ్ళు మూసుకుని మింగేసింది.

సాయంత్రం లోకనాథం గారు పిలిపించారు. ఒకప్పుడు రేషన్ డిపో నడిపిన మనిషి, మెట్ట మీద తిండి పంపకం ఆయనదే. కొత్తవాళ్ళకి ఏడాది నిండేదాకా సగం ముద్ద అని తేల్చారు. పని చేసే మనవాళ్ళకి మాత్రం ఎప్పటిలా ముద్దన్నర. అయినా చాలదు.

"వేడి చేసినప్పుడు ఎంత పోతుందమ్మా?" అని అడిగారు.

"మూడోవంతు. ఆ నీళ్ళతో పాటే పోతాది."

"మరి వేడి చెయ్యడం మానేస్తే? కట్టెలు కూడా మిగులుతాయి."

"ఈ పని నాకు నేర్పినావిడ ఇది మాత్రం మానొద్దని చెప్పిందండీ."

"ఎందుకని?"

నాకు తెలియదు. ఏదో చెప్పింది. అరుగుదల కోసమనే నా మనసులో ఉండిపోయింది. అదే చెప్పాను.

"అరగడానికి ముందు లోపల ఏదో పడాలి కదమ్మా. జీడిపళ్ళు వచ్చేదాకా మానేద్దాం," అన్నారు. ఆయన ముఖం చూస్తే నాకన్నా అలిసిపోయి ఉన్నట్టు అనిపించింది. సరేనన్నాను. దాలినాయుడన్న బాయిలర్లో నిప్పు లాగేశాడు.

బెల్లం మడ్డి కాలం

కొండమీది గానుగల నుంచి బెల్లం పెనాల మడ్డి వస్తోంది. తొట్టెలు బాగున్నాయి. ముద్ద అందరికీ సరిపోతోంది. ఈ నెలల్లో ఎవరూ ఆకలని గేటు దగ్గరికి రాలేదు. అది రాసిపెట్టడం న్యాయం.

దాలినాయుడన్నకి కాలి బొటనవేలు వాచింది. చెప్పు వేసుకోలేక చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ వచ్చాడు. కట్టె పడిందేమో అన్నాను.

"పడితే తెలీదేటి సెల్లీ? ఏటీ పడనేదు. పొద్దున లెగిసేసరికి నిప్పుల మీద ఎట్టినట్టుంది. దుప్పటి తగిల్తే పేనం పోతాంది."

వేలు ఎర్రగా, వేడిగా, దొండపండులా ఉంది. వాతమని వావిలాకు కట్టించాను. ఆయన పెళ్ళాం పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు, చూసేది మేనల్లుడొక్కడే. కాలు చాపుకుని బాయిలర్ గదిలో కూర్చున్నాడు. చల్లటి బాయిలర్ దగ్గర కూర్చోవడం ఆయనకి నచ్చదు. చెప్పడు కానీ, ఊరికే తుడుస్తూ ఉంటాడు.

బెల్లం మడ్డి కాలం, చివర

కట్టెలు కొట్టేవాళ్ళలో సగానికి సగం మంది కాళ్ళు వాచి పడుకున్నారు. కొందరికి చీలమండ, కొందరికి మోకాలు. నర్సు రోహిణి ఇల్లిల్లూ తిరుగుతోంది. నొప్పి మాత్రలు ఎప్పుడో అయిపోయాయి.

రాయడానికి ఓపిక లేదు. నాకూ కుడికాలు బొటనవేలు సలుపుతోంది.

జీడిపళ్ళ కాలం, మొదట్లో

తోటల్లో జీడిపళ్ళు రాలి నేలంతా పచ్చగా, ఎర్రగా పరుచుకున్నాయట. ఏరేవాళ్ళు లేరు. ఆరు తొట్టెల్లో రెండే నడుస్తున్నాయి. వేడి మానేసి మిగిల్చుకున్నదంతా ఇటు వాచిన కాళ్ళ దగ్గర పోయింది. కొత్తవాళ్ళను పంపిద్దామంటే తోటల్లో వాళ్ళు అడుగు పెట్టకూడదన్నారు మావాళ్ళు. ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట. ఈ రోగం ఒడ్డు నుంచి వచ్చిందని, వాళ్ళు వచ్చిన కొన్నాళ్ళకే మొదలైందని.

మొన్న పైడప్ప నీళ్ళకి వెళ్తే బావి దగ్గర కట్టెలు కొట్టే ఎర్రయ్య ఆమె బిందె తన్నేశాడు. ఎర్రయ్య చెడ్డవాడు కాదు. రెండు మోకాళ్ళూ వాచి కర్ర మీద నడుస్తున్నాడు. తన్నింది ఆ కాలితోనే, దాంతో నేలమీద పడి ఏడ్చాడట.

"నానే లేపినాను," అంది అక్క, సొట్టపోయిన బిందె గోడవారగా పెడుతూ. "లేపితే కూడా తిట్టినాడు. ఆ నొప్పికి ఏటంతాడో ఆడికే తెలీదు. మాకెవులికీ ఈ జబ్బు నేదే కూర్మీ. మా గుడిసెల్లో ఒక్కరికీ నేదు. మాకు నేనిది మీకెలగ అంటించీసినాం?"

ఆ మాటే మర్నాడు రోహిణి నోట విన్నాను.

నా వేలు చూడడానికి వచ్చి, చూడకుండానే చెక్కపెట్టె మీద కూలబడింది. ఈ పిల్ల ఎప్పుడు నిద్రపోతుందో తెలియదు.

"పిన్నీ, ముద్దన్నర తినేవాళ్ళకి ఎక్కువగా ఉంది. ఒక ముద్ద తినేవాళ్ళకి కొంతమందికి ఉంది. సగం ముద్దవాళ్ళకి లేదు. పిల్లలకి లేదు. అంటుకునే జబ్బయితే ముందు గుడిసెల్లో ఉండాలి, పిల్లల్లో ఉండాలి. తిండిలోనే ఏదో ఉంది. తొట్టెల్లో ఏమైనా మార్చారా?"

"తొట్టెల్లో ఏమీ మార్చలేదమ్మా," అన్నాను. అనేశాక చల్లటి బాయిలర్ కళ్ళముందు కనబడింది. వేడి మానేసిన సంగతి చెప్పాను.

రోహిణి మెల్లగా, చదువుకున్నది ఎక్కడో అడుగు నుంచి తోడుకుంటున్నట్టు చెప్పింది. ఈస్టు చాలా త్వరగా పెరుగుతుంది కాబట్టి దానిలోపల పెరగడానికి పనికొచ్చే పదార్థం విపరీతంగా ఉంటుందట. అది మన ఒంట్లో పడితే యూరిక్ ఆమ్లం అవుతుందట. మోతాదు మించితే కీళ్ళలో సన్నటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. గాజుపెంకుల్లాగా. మూత్రపిండాల్లోనూ పేరుకుంటుంది.

"వేడిచేస్తే అది నీళ్ళలోకి దిగిపోతుంది. మీరు మూడోవంతు పోతోందన్నారే, పోయేది అదే పిన్నీ. పోవాల్సిందే అది."

"నిజమేనా?"

"అనుకుంటున్నా. చేసి చూద్దాం."

ఇంటి పొయ్యి మీద, బాయిలర్ నుంచి తీసిన థర్మామీటరు పెట్టుకుని, ముగ్గురికి సరిపడా ముద్ద వేడిచేయడం మొదలుపెట్టాను. నాకు, దాలినాయుడన్నకి, ఆయన మేనల్లుడు సన్యాసికి. నీళ్ళు బాగా తాగమంది రోహిణి.

జీడిపళ్ళ కాలం, సగం గడిచాక

నా వేలు తగ్గింది. సన్యాసి చీలమండ వాపు దిగి, ఎముక కనబడుతోంది. దాలినాయుడన్న వేలు కూడా తగ్గింది. కానీ మూత్రంలో ఎర్రగా పడుతోందని, నడుము వెనక పొడుస్తోందని సిగ్గుపడుతూ సన్యాసికి చెప్పాడట. రోహిణి వెళ్ళి ఆయన నడుము నొక్కి చూసింది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది.

ఈ వారం చివర సభ పెడుతున్నారు. కొత్తవాళ్ళని మెట్ట దింపేయాలని. పైడప్ప సంచీ సర్దుకుని గుమ్మంలో పెట్టుకుంది.

లోకనాథం గారి దగ్గరికి నేనూ రోహిణీ వెళ్ళాం. ఆయన మంచంమీద ఉన్నారు, పాదాల కింద గోనెసంచులు. మొత్తం విన్నారు. కళ్ళు మూసుకున్నారు.

"వేడి మొదలుపెట్టు. కానీ ఎందుకో చెప్పకమ్మా."

"ముద్ద మూడోవంతు తగ్గిపోతాదండీ. ఎక్కడికి పోయిందని అడగరా?"

"చెప్తే ఏమంటారో ఆలోచించావా? వాళ్ళ కోసమే వేడి మానేశాం. వాళ్ళ వల్లే మనకీ రోగం అంటారు. ఇన్నాళ్ళూ అనుమానంతో తరమాలనుకున్నారు, రేపు రుజువుతో తరుముతారు. అందులో మీ అక్క కూడా ఉంది."

ఆయన అన్నది తప్పు కాదు. దారంతా అదే నమిలాను. చెప్పకపోతే అంటురోగమని తరుముతారు. చెబితే తిండి కోసమని తరుముతారు. రెండిట్లోనూ అక్క సంచీ గుమ్మంలోనే ఉంది. ఇంటికి వచ్చి ఆమెకే చెప్పేశాను.

అక్క సంచీ వైపు చూసి, "నువ్వు సెప్పకపోతే ముద్ద తగ్గనివ్వరు, మేం పోనాక కూడా ఆలకి ఆ నొప్పి ఉంతాది కదే," అంది. "సెప్పీ. పొమ్మంతే పోతాం. మాకు పోవడం కొత్తేటి?"

జీడిపళ్ళ కాలం, సభ జరిగిన వారం

ఫ్యాక్టరీ వాకిట్లోనే సభ. మా వాళ్ళంతా నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు, ఎవరి పాదం ఎవరికి తగిలినా కేకలే. ఒడ్డువాళ్ళు గోడవారగా నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

నాకు సభల్లో మాట్లాడడం రాదు. తొట్టెల గురించి చెప్తున్నట్టే చెప్పాను. ఈస్టు ఎలా పెరుగుతుందో, వేడి ఎందుకు చేసేవాళ్ళమో, ఎప్పుడు మానేశామో, ఎందుకు మానేశామో. సన్యాసి లేచి వాకిలి చుట్టూ ఒక చుట్టు నడిచి చూపించాడు. రోహిణి సగం ముద్ద సంగతి చెప్పింది. లోకనాథం గారు మంచంమీదే వచ్చారు. నన్ను ఆపలేదు. చివర్లో మాత్రం, "మానెయ్యమన్నది నేను. ఆవిడ వద్దంది," అన్నారు.

ఎర్రయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"అయితే ఆలొల్లే కదా! ఆలు రాకపోతే బాయిలర్ ఆరేదా? మన ఒంట్లో గాజుపెంకులు పడీవా?"

అవునవునని నాలుగువైపుల నుంచీ మొదలైంది. నేను అనుకున్నదే జరుగుతోంది.

దాలినాయుడన్న బాయిలర్ గది గడప మీద కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచే మాట్లాడాడు. గొంతు పెద్దది కాదు. అందరూ ఆగి వినాల్సి వచ్చింది.

"ఎర్రయ్యా, బాయిలర్ ఆర్పింది నాను. ఈ సేతుల్తోనే నిప్పు లాగినాను. ఆలు ఆకలని వచ్చినారు. ఆర్పీమని నాతో ఆలన్నారేటి? మనం ఆలకి సగం ఎట్టి, మనం ముద్దన్నర తిన్నాం. తిన్నందుకు పడ్డాం. ఆ సగం తిండే ఆల కాళ్ళు కాపాడింది."

"అయితే మాత్రం?"

"అయితే మాత్రం ఏటంటే, తోటల్లో పళ్ళు కుళ్ళిపోతన్నాయి. కట్టెలు నేవు. బాయిలర్ ఎలిగించాలంటే కట్టెలు గావాల. ఆలని దింపీసి రేపొద్దున కొండెక్కీదెవులు? నువ్వా? ఏదీ, కర్ర ఒగ్గీసి లేసి నిలబడు సూద్దాం."

ఎర్రయ్య కర్ర వదల్లేదు. లేవడానికి మాత్రం ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. ఒక మోకాలి మీదికి వచ్చి, ముఖం వంకర తిరిగి, కూలబడ్డాడు. గోడ దగ్గర నుంచి పైడప్ప రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ తిట్లు తింటానేమోనని ఆగిపోయింది. ఎర్రయ్య ఆమెను చూశాడు. తిట్టలేదు.

సభ అక్కడితో ముగిసింది. ఒప్పుకున్నామని ఎవరూ అనలేదు. దింపేయాలన్న మాట కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అందరికీ సమానంగా ముద్ద అని లోకనాథం గారు చెబితే సణుగుతూ లేచి, అంటే లేవగలిగినవాళ్ళు లేచి, వెళ్ళిపోయారు. మర్నాడు ఒడ్డువాళ్ళు బుట్టలు తీసుకుని తోటల్లోకి వెళ్ళారు.

జీడిపళ్ళ కాలం, చివర

బాయిలర్ నడుస్తోంది. తొట్టెలు మూడయ్యాయి, తరవాత నాలుగు. ఆకలి మాత్రం గట్టిగానే ఉంది. వేడినీళ్ళలో మూడోవంతు పోయాక, మిగిలింది అందరికీ పంచితే, ముద్దన్నర తిన్నవాళ్ళకి ముద్దలో సగం కన్నా కాస్త ఎక్కువ వస్తోంది. ఒడ్డువాళ్ళకి ఇదివరకటి కన్నా కొంచెం పెరిగింది. ఇది చూసి కొందరు నాతో మాట్లాడడం మానేశారు. పిండిన నీళ్ళు పారబోస్తుంటే ఒక ముసలామె గిన్నె పట్టుకుని వచ్చి తిండి పారబోస్తున్నావని ఏడ్చింది. ఇది తిండి కాదమ్మా అని ఎంత చెప్పినా గిన్నె వెనక్కి తీసుకోలేదు. చివరికి నా ముద్దలో ముక్క తుంచి వేశాను.

వాపులు దిగుతున్నాయి. నెమ్మదిగా.

దాలినాయుడన్న రెండు రోజులుగా పనికి రాలేదు. సన్యాసిని అడిగితే, మామకి మూత్రం రావడం లేదని, ముఖం ఉబ్బిందని చెప్పాడు. రోహిణి అక్కడే ఉంటోంది. కింద పట్నంలో రక్తం శుద్ధి చేసే యంత్రాలున్న ఆసుపత్రి ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు ఆ పట్నమే నీళ్ళలో ఉంది.

మామిడి తొక్కల కాలం, మొదటి వారం

బాయిలర్ ఈరోజు ఆలస్యంగా వెలిగింది. నేనే వెలిగించాను. తొట్టెలు అయిదు నడుస్తున్నాయి. మామిడి తొక్కలూ టెంకలూ రావడం మొదలైంది.

నిన్న పొద్దున దాలినాయుడన్న పోయాడు.

వాకిట్లో పాడె కట్టారు. మోసేవాళ్ళు కావాలి. సన్యాసి నిప్పుకుండ పట్టుకున్నాడు. మొయ్యడానికి నలుగురూ మావాళ్ళే ముందుకొచ్చారు, ఎర్రయ్యతో సహా. వద్దన్నా వినలేదు. దాలినాయుడు మా మనిషి, మేమే మొయ్యాలన్నారు. పాడె ఎత్తారు. వీధి చివర దాకా కూడా వెళ్ళలేకపోయారు. ఒకడి చీలమండ మడత పడింది, ఎర్రయ్య మోకాలు వంగిపోయింది. పాడె ఒకవైపు ఒరిగితే ఆడవాళ్ళు కేకలు పెట్టారు. దింపేశారు. నలుగురూ దాని పక్కనే కూర్చుండిపోయారు, ఎవరి ముఖం ఎవరూ చూడలేదు.

అటుపక్క ఒడ్డువాళ్ళు నిలబడి ఉన్నారు. అడగకుండా రావడానికి వాళ్ళకి ధైర్యం లేదు. పాడె అంటే బుట్ట కాదు కదా, ఎవరు పడితే వాళ్ళు ఎత్తడానికి.

"మనోళ్ళు కానోళ్ళు మోస్తారా?" అంది దాలినాయుడన్న మేనత్త. ఆమె వయసుకి ఆ మాట అనే హక్కుంది.

ఎర్రయ్య చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ఒడ్డువాళ్ళ వైపు తిరిగి, గట్టిగా కాదు, పక్కింటివాణ్ణి పిలిచినట్టు, "రండి బావూ. ఎత్తండి," అన్నాడు.

నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. తువ్వాళ్ళు భుజం మీద వేసుకుని, ఒక్క ఊపులో ఎత్తారు. వలలూ పడవలూ మోసిన భుజాలు, పాడె కుదుపు లేకుండా లేచింది. వల్లకాడు కొండ అవతలివైపు. వాళ్ళకి అది పెద్ద దూరం కాదు. మాకే దూరం.

మేము వెనక నడిచాం. కర్రల మీద, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కొందరు గోడలు తడుముకుంటూ. లోకనాథం గారు ఇద్దరి మధ్య వేళ్ళాడుతున్నట్టు వచ్చారు. పైడప్ప ఆ మేనత్తను నడుం పట్టుకుని నడిపించింది, ఆమె చెయ్యి విదిలించుకోలేదు. మొదటి మలుపు దగ్గరకి వచ్చేసరికి ముందు పాడె కనబడలేదు. వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారనుకున్నాను. అంత వేగంగా నడిచేవాళ్ళు ఆగుతారని నేను అనుకోలేదు.

మలుపు తిరిగాం. పాడె భుజాల మీదే ఉంది. నలుగురూ ఎండలో కదలకుండా నిలబడి వెనక్కి చూస్తున్నారు. సన్యాసి పక్కన నిలబడ్డాడు. మాలో చివరి మనిషి, ఎర్రయ్య, వాళ్ళను చేరుకునేదాకా అలాగే ఉన్నారు. అప్పుడు కదిలారు. తరవాతి మలుపు దగ్గర మళ్ళీ ఆగారు.

వల్లకాడు చేరేదాకా అలాగే వెళ్ళాం. ఒక్కచోట కూడా పాడె కింద పెట్టలేదు.